పని స్థలంలో భద్రత – బస్తర్‌లో నేను నేర్చుకున్నది

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "సుబేదారు గారూ, ఈసారి మీరు ఒక ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నప్పుడు పాత యూనిట్ కబుర్లు చెప్పమంటారేమో అనుకున్నాను. కాదట. "రిటైరయ్యాక బస్తర్‌లో మీరు చేసిన సేఫ్టీ ఉద్యోగం గురించి చెప్పండి, మనవాళ్ళు చాలామంది ఇప్పుడు ఆ లైన్లోకే పోతున్నారు" అన్నారు. నిజమే. మనకు యూనిఫాం విప్పిన మర్నాడే ఎవరో ఒకరు సెక్యూరిటీ ఆఫీసరనో, సేఫ్టీ సూపర్‌వైజరనో పిలుస్తారు. క్రమశిక్షణ ఉంటుంది, తెల్లారి లేస్తాడు, తాగి పనికి రాడు అని నమ్మకం. ఆ నమ్మకానికి మనం ఎంతవరకు తగినవాళ్ళం అన్నది వేరే సంగతి. నా మటుకు నేను మొదటి రెండేళ్ళు తగినవాణ్ణి కాను. ఆ మాట చెప్పడానికే ఒప్పుకున్నాను.

నేను మద్రాస్ శాపర్స్ వాణ్ణి. వంతెనలు వేశాను, మైన్లు పాతాను, మైన్లు తీశాను, రంగరూట్లకు కందకం తవ్వడం, గోడలు కూలకుండా రివెట్‌మెంట్ కట్టడం నేర్పాను. ఈ చివరి ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. 2005లో పెన్షన్ వచ్చాను. ఇండస్ట్రియల్ సేఫ్టీలో ఏడాది డిప్లొమా చేసి, 2008లో ఒక కాంట్రాక్టు సంస్థ తరఫున బస్తర్‌లో ఒక పెద్ద నిర్మాణ స్థలానికి సేఫ్టీ సూపర్‌వైజరుగా వెళ్ళాను. సంస్థ పేరు, స్థలం పేరు చెప్పను. చెప్పడం వల్ల ఒరిగేది కూడా లేదు, ఎందుకంటే అదే కథ చాలా చోట్ల జరిగింది, జరుగుతోంది.

బస్తర్ మన తెలుగువాళ్ళకు పరాయి చోటేమీ కాదు. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఆ అడవుల్లోకి వెళ్ళి రాజ్యం నిలబెట్టాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది. జగదల్‌పూర్ దసరా 75 రోజులు జరుగుతుంది. దక్షిణాన కొంటా, భోపాల్‌పట్నం వైపు దోర్లా వాళ్ళ మాటలో సగం మనకు అర్థమవుతుంది. విశాఖ నుంచి కిరండూల్ పాసింజరెక్కితే అరకు లోయ, సొరంగాలు దాటి పొద్దుగూకే వేళకు ఇనుప కొండల్లోకి చేరుస్తుంది. ఆ లైను 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికే వేశారు. 1968లో కిరండూల్ గని, 1977లో బచేలీ గని మొదలయ్యాక, వాటిని నడిపే ఎన్.ఎం.డి.సి. హెడ్డాఫీసు హైదరాబాదు కావడం వల్ల కూడా అనుకుంటాను, ఆ టౌన్‌షిప్‌లలో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. ఉగాది పచ్చడికి వేపపూవు వెతుక్కోనక్కర్లేదు.

గనుల్లో భద్రతకు ఒక పద్ధతి ఉంటుంది. బస్తర్‌లో దాన్ని దగ్గర నుంచి గమనించే అవకాశం నాకు కలిగింది. మేం పనిచేసిన రోజుల్లో 1952 మైన్స్ యాక్టు, 1955 మైన్స్ రూల్సు, 1961 మెటల్లిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్సు, 1966 వొకేషనల్ ట్రైనింగ్ రూల్సు అమల్లో ఉండేవి. ధన్‌బాద్ డి.జి.ఎం.ఎస్. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే మేనేజరు దగ్గర్నుంచి డంపర్ డ్రైవరు దాకా అందరికీ తెలిసేది. ట్రైనింగ్ సెంటరులో శిక్షణ పూర్తి కాకుండా కొత్త కార్మికుణ్ణి గనిలోకి దింపకూడదు. కార్మికుల తరఫున ఒక ఇన్‌స్పెక్టరు, యాజమాన్యం, కార్మికులు కలిసి కూర్చునే భద్రతా కమిటీ ఉండాలి. బరువు డంపరు తిరిగే దారి అంచున మట్టికట్ట ఉండాలి, ఎందుకంటే బ్రేకు ఫెయిలైనా టైరు ఆ కట్టకు ఆగుతుంది. ఇవన్నీ ఎవరో ఏ.సి. గదిలో కూర్చుని రాసినవి కావు. 1975 డిసెంబర్ 27న చాస్‌నాలా బొగ్గుగనిలో పక్కనున్న నీళ్ళు గోడ బద్దలు కొట్టుకొచ్చి 375 మందిని ముంచేశాయి. అలాంటివి ఎన్నో జరిగితే గాని ఒక్కో రూలు పుట్టలేదు.

మరి నిర్మాణ పనులో? 1996లో చట్టమైతే వచ్చింది గాని అది కాగితం దాటి కూలీ దాకా రావడానికి చాలా కాలం పట్టింది. గనిలో కార్మికుడు ఇరవై ముప్పై ఏళ్ళుంటాడు. మా దగ్గర కూలీ సీజనుకు వచ్చి సీజనుకు పోతాడు. వాడి పేరు కూడా మేటుకు తప్ప ఎవరికీ తెలియదు.

నేను చేరగానే ఏం చేశానో చెబుతాను. గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టించాను, "ప్రమాదం లేని రోజులు" అని, రోజూ అంకె మార్చేవాళ్ళం. హెల్మెట్, బూట్లు లేనివాణ్ణి గేటు లోపలికి రానిచ్చేవాణ్ణి కాను. పొద్దున్నే అందర్నీ ఫాలిన్ చేయించి హిందీలో పది నిమిషాలు భద్రత గురించి మాట్లాడేవాణ్ణి, ఆ తర్వాత రిజిస్టరులో సంతకాలు, వేలిముద్రలు. నెలకోసారి రిపోర్టు. పైనుంచి వచ్చిన ఆడిట్ బృందం ఆ రిజిస్టర్లు చూసి "ఫౌజీ పని అంటే ఇలా ఉండాలి" అని మెచ్చుకుంది. నాకు ఛాతీ ఉబ్బింది, అబద్ధం ఎందుకు.

ఆ బోర్డు వెనక ఏం జరుగుతోందో నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక ఫిట్టరు వేలు పైపు అంచుల మధ్య నలిగింది. బోర్డు మీద అంకె రెండు వందలు దాటి ఉంది. ఆ అంకె సున్నాకు పోతే మేస్త్రీలకు ఇచ్చే బోనస్ పోతుంది. అందుకని వాణ్ణి మోటార్‌సైకిల్ మీద ఊళ్ళో ప్రైవేటు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి కట్టు కట్టించి, నాలుగు రోజులు సెలవన్నారు. నా రిజిస్టరులో ఏమీ లేదు. బోర్డు అంకె మాత్రం పెరుగుతూనే ఉంది.

ఇక 2010 జులై.

ఆ ఏడాది మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర 76 మంది జవాన్లు నేలకొరిగారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2006 ఫిబ్రవరిలో, హిరోలీ దగ్గర పేలుడు పదార్థాల మేగజీన్ మీద దాడి జరిగి 8 మంది సి.ఐ.ఎస్.ఎఫ్. వాళ్ళు చనిపోయారు. మా ఇంటావిడ రోజూ ఫోన్ చేసి "ఆ ఉద్యోగం మానేసి వచ్చేయండి" అనేది. బస్తర్‌లో చావు అంటే మందుపాతర అనే అందరి మనసులో ఉండేది, నా మనసులోనూ. మేం కాన్వాయ్ టైములు మార్చుకునేవాళ్ళం, రాత్రి ప్రయాణాలు మానేశాం. కాని మా దగ్గర చావు అటునుంచి రాలేదు.

నీటి పైపు కోసం ట్రెంచి తవ్వుతున్నారు. లోతు మూడు మీటర్ల దాకా ఉంటుంది. అక్కడిది ఎర్ర మొరం. ఎండాకాలంలో గునపం దిగదు, గోడ కట్టినట్టు నిలబడుతుంది. అందుకని ఎవరూ ఆసరా పెట్టలేదు. తవ్విపోసిన మట్టిని పక్కనే, ట్రెంచి అంచు మీదే గుట్టగా పోశారు. మూడు రోజులు వాన పడింది. నాలుగో రోజు తెరిపి ఇచ్చింది, పని వెనకబడిందని ఇద్దరు కుర్రాళ్ళను అడుగు చదును చేయడానికి దింపారు. పదకొండు గంటలప్పుడు ఒక పక్క గోడ పడింది. ఒకడు నడుం వరకు కూరుకుని బతికాడు. రెండోవాడు వంగి ఉన్నాడు.

ఘన మీటరు తడి మట్టి దాదాపు రెండు టన్నులు తూగుతుందని శాపర్లకు నేను చెప్పక్కర్లేదు. ఛాతీ వరకు కూరుకున్నా మనిషి ఊపిరి పీల్చలేడు. మేం చేతుల్తో, తట్టల్తో తీశాం. జె.సి.బి. వాడితే లోపలివాడికి తగులుతుందని భయం. తీసేసరికి అయిపోయింది. సుక్మా వైపు కుర్రాడు. పందొమ్మిదేళ్ళు అన్నారు, నాకైతే ఇంకా తక్కువ అనిపించింది.

ఆ సాయంత్రం నా రిజిస్టరు తీసి చూశాను. ఆ రోజు ఉదయం చెప్పిన విషయం "తవ్వకం పనుల్లో జాగ్రత్తలు". కింద వాడి వేలిముద్ర ఉంది. నేను హిందీలో చెప్పాను. వాడికి వచ్చింది గోండీ, కాస్త హల్బీ. ఎవరో వేలు పట్టుకుని ముద్ర వేయించారు, వాడు వేశాడు.

అంతకన్నా చేదు సంగతి రెండు రోజుల తర్వాత బయటపడింది. మట్టి తట్టలు మోసే ఒకావిడ, యాభై ఏళ్ళుంటాయి, అందరూ దీదీ అనేవాళ్ళు, ముందురోజు సాయంత్రమే ట్రెంచి అంచు వెంబడి పగులు చూసిందట. తన ముఠా మేటుకు చెప్పింది. మేటు మన శ్రీకాకుళం తమ్ముడే, మంచివాడే, ఆమె మాట సగం అర్థమైంది, మిగతా సగం పట్టించుకోలేదు. ఆమె మళ్ళీ చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. నేను ఆ దారినే మూడుసార్లు నడిచాను. కందకం గోడలు ఎలా కూలతాయో ఎన్నో బ్యాచ్‌ల రంగరూట్లకు పాఠం చెప్పిన మనిషిని, వాళ్ళ తలల మీద హెల్మెట్లు ఉన్నాయా లేదా అని మాత్రమే చూసుకుంటూ నడిచాను.

విచారణ రిపోర్టు నన్నే రాయమన్నారు. మొదటి కాపీలో ఏం రాశానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. "తగిన శిక్షణ ఇచ్చినప్పటికీ కార్మికుడు అజాగ్రత్తగా వ్యవహరించాడు" అని రాశాను. అది అందరికీ అనుకూలంగా ఉండే వాక్యం. కంపెనీకి, మేనేజరుకి, నాకు కూడా.

నష్టపరిహారం కాగితాల మీద సంతకాల కోసం వాళ్ళ ఊరు వెళ్ళాం. తండ్రి కోపంగా లేడు. ఇప్పచెట్టు కింద మంచం వేశాడు, ఆకు దొన్నెల్లో నీళ్ళిచ్చాడు. కాగితం చదివి వినిపించారు. ఆయన ఒక్క మాట అడిగాడు, మాతో వచ్చిన హల్బీ తెలిసిన గుమాస్తా దాన్ని హిందీలో చెప్పాడు: "ఆ గుంటలోకి ఈ పెద్దమనిషి ఎప్పుడైనా దిగాడా?" దిగలేదు. గుమాస్తా తలొంచుకుని ఆ సమాధానం కూడా ఆయనకు చెప్పాడు.

తిరిగొచ్చి రెండో రిపోర్టు రాశాను. ఆసరా లేదు, మట్టి అంచు మీద పోశారు, వాన తర్వాత తనిఖీ లేదు, హెచ్చరిక వచ్చినా పైకి చేరలేదు, శిక్షణ కార్మికుడికి తెలిసిన భాషలో జరగలేదు, ఇందులో సేఫ్టీ సూపర్‌వైజరు వైఫల్యం ఉంది అని. నన్ను నెల రోజులు స్టోర్సులో కూర్చోబెట్టారు. తర్వాత ప్రాజెక్టుకు కొత్త మేనేజరు వచ్చారు. ఆయన ఆ రిపోర్టు చదివి పిలిపించి "సుబేదార్ సాబ్, ఇది నిజమైతే ఇప్పుడేం చేద్దాం?" అన్నారు. అక్కడి నుంచి అసలు పని మొదలైంది.

మొదట పొద్దుటి ఫాలిన్ మానేశాం. ఐదొందల మందిని నిలబెట్టి మైకులో చెప్పేది ఎవడికీ ఎక్కదు. దాని బదులు ఏ ముఠా వాళ్ళు ఆ ముఠా, పని జరిగే చోటే నిలబడి ఏడెనిమిది నిమిషాలు మాట్లాడుకోవాలి. చెప్పేది నేను కాదు, వాళ్ళ మేటు, వాళ్ళ భాషలో. మా దగ్గర హల్బీ, గోండీ, ఒడియా, తెలుగు, భోజ్‌పురి, దండకారణ్యంలో స్థిరపడిన వాళ్ళ బెంగాలీ, ఇన్ని ఉండేవి. ముందురోజు సాయంత్రం మేటులతో నేను కూర్చునేవాణ్ణి. అట్ట మీద బొగ్గుతో గీసిన బొమ్మలు, ఒక్కోసారి ఇసుకలో నమూనా. మన శాండ్ మోడల్ బ్రీఫింగే అది. చివర ఎవరో ఒక కూలీని "ఇప్పుడు నువ్వు చెప్పు" అనాలి. వాడు తిరిగి చెప్పగలిగితేనే ఆ మాటలు చేరినట్టు. వేలిముద్రలు ఎత్తేశాం. ఆడిట్ వాళ్ళకు అది నచ్చలేదు, కొన్నాళ్ళు గొడవ నడిచింది.

తర్వాత ట్రెంచి సంగతి. మీలో ఈ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు దీన్ని కాస్త శ్రద్ధగా వినండి. ప్రమాదాన్ని ఎదుర్కోవడానికి ఒక వరస ఉంది, పుస్తకాల్లో ఉంది, పరీక్షలో రాశాను కూడా. కాని పనిలో దాన్ని తలకిందులుగా వాడతాం. హెల్మెట్‌తో మొదలుపెట్టి హెల్మెట్‌తోనే ఆపేస్తాం. అసలు ముందు అడగాల్సింది, మనిషి ఆ గుంటలోకి దిగాల్సిన అవసరం ఉందా? మేం లెక్క వేస్తే సగానికి పైగా పని పైనుంచే చేయొచ్చని తేలింది. పైపు జాయింట్లు పైన వేసి దింపొచ్చు, అడుగు మిషనుతో చదును చేయొచ్చు. తప్పదు, దిగాలి అంటే గోడలు ఏటవాలుగా కోయాలి. దానికి స్థలం లేకపోతే పలకలు, దూలాలతో ఆసరా కట్టాలి. మన దేశపు ప్రామాణిక నియమావళి ఐ.ఎస్. 3764 ప్రకారమే మీటరున్నర దాటిన ట్రెంచికి ఆసరా ఉండాలి. తవ్విన మట్టి అంచుకు దూరంగా పోయాలి. నిచ్చెన దగ్గర్లో ఉండాలి. వాన పడితే మళ్ళీ చూశాకే దిగాలి. ఇవన్నీ అయ్యాక అప్పుడు హెల్మెట్. రెండు టన్నుల మట్టి మీద పడేటప్పుడు హెల్మెట్ ఏం చేస్తుంది చెప్పండి.

ఇంకొకటి, నేను దిగకుండా ఏ ట్రెంచికీ పర్మిట్ మీద సంతకం పెట్టలేదు, ఆ తర్వాత ఉన్న ఆరేళ్ళూ. మోకాళ్ళ నొప్పులు అందుకే వచ్చాయని మా ఇంటావిడ వాదన.

మూడోది ఎర్ర గుడ్డ. ఫైరింగ్ రేంజిలో ఎర్రజెండా ఎవరెత్తినా కాల్పులు ఆగుతాయి, ఎత్తినవాడు సిపాయా, కర్నలా అని ఎవరూ చూడరు. ఆ పద్ధతి ఇక్కడ పెట్టాలనుకున్నాం. ప్రతి ముఠాకు ఒక ఎర్ర గుడ్డ. ఎవరికి అనుమానం వచ్చినా ఊపొచ్చు, పని ఆగాలి. మూడు వారాలు ఒక్కరూ ఊపలేదు. ఎందుకో కనుక్కుంటే తేలింది. వాళ్ళవి ముక్కకింత కూలీలు. పని ఆగితే కూలి ఆగుతుంది. ప్రాణానికి, పూట కూలికి పోటీ పెట్టి ప్రాణాన్ని ఎంచుకో అని ఉపన్యాసం ఇవ్వడం సులువే, నెలజీతం తీసుకునే నాకు. అప్పుడు మేనేజరు గారు, పని ఆపిన గంటలకు కూలి కట్టివ్వాలని కాంట్రాక్టులో రాయించారు. ఆయన చేసిన పనులన్నింటిలోకి అదే పెద్దది.

మొదట ఊపింది ఆ దీదీయే. హైడ్రా క్రేనుతో పైపు ఎత్తుతున్నారు. తీగతాడులో కొన్ని పోగులు తెగి ముళ్ళలా పైకి లేచాయి. ఆవిడ తట్ట కింద పడేసి వెళ్ళి ఎర్రగుడ్డ పట్టుకుని ఎదురుగా నిలబడింది. క్రేను ఆపరేటరు అరిచాడు, మేస్త్రీ తిట్టాడు, రెండు గంటలు నలభై మంది ఖాళీగా కూర్చున్నారు. తాడు విప్పి చూస్తే లోపలి పేట కూడా తుప్పు పట్టి ఉంది. ఆ శనివారం కూలీల పంపకంలో ఆ రెండు గంటల డబ్బు అందరికీ వచ్చింది. డబ్బు చేతిలో పడ్డాక జనం నమ్మారు. నా మాటలకు నమ్మలేదు.

నాలుగోది నోటుబుక్కు. త్రుటిలో తప్పిన ప్రమాదాలు రాసేది. ఆ శాస్త్రం ఏమిటంటే, 1931లో హెన్రిచ్ అనే అమెరికా ఆయన ఒక పెద్ద ప్రమాదం వెనక 29 చిన్న గాయాలు, 300 గాయం కాని సంఘటనలు ఉంటాయని లెక్క చెప్పాడు. ఆ అంకెలను తర్వాత చాలామంది ప్రశ్నించారు, నాకూ వాటి మీద పెద్ద నమ్మకం లేదు. కాని పెద్దది వచ్చే ముందు చిన్నవి కబురు పెడతాయన్నది నా కళ్ళతో చూశాను. వైమానిక దళంలో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. జరగబోయి తప్పినదాన్ని కూడా రిపోర్టు చేయడం ఫ్లైట్ సేఫ్టీలో రోజువారీ పని. మన ఆర్మీ వాళ్ళకే కాస్త కష్టం. ఏదైనా తప్పు బయటపడితే కోర్టాఫ్ ఎంక్వయిరీ, ఎవడో ఒకడు దొరకాలి. అందుకని కింద వాడు "సబ్ ఠీక్ హై సాబ్" అంటాడు, మనకూ ఆ మాటే హాయిగా ఉంటుంది. మొదట్లో నోటుబుక్కులో రాసినవాళ్ళకు స్టీలు టిఫిన్ బాక్సు బహుమతి అన్నాను. అంతే, దారిలో రాయి ఉంది, చెట్టు మీద తొండ ఉంది అని కుప్పలు తెప్పలుగా వచ్చాయి. బహుమతులు ఆపేశాను. దాని బదులు, రాసినదానికి 48 గంటల్లో ఏం చేశామో పక్కనే రాసి, రాసినవాడికి చదివి వినిపించాం. చేయలేకపోతే ఎందుకు చేయలేకపోయామో చెప్పాం. తొండలు తగ్గాయి, అసలువి రావడం మొదలైంది. గేటు దగ్గర బోర్డు కూడా మార్చాం. ప్రమాదం లేని రోజుల లెక్క తీసేసి, ఈ వారం సరిచేసిన లోపాలు ఎన్ని, మిగిలినవి ఎన్ని అని రాశాం. మిగిలినవి ఎప్పుడూ సున్నా కాలేదు. సున్నా అని ఎవరైనా రాస్తే నాకే అనుమానం వచ్చేది.

బస్తర్‌కే చెందిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఇప్పపూలు రాలే కాలంలో ఇంటిల్లిపాదీ చీకటితో లేచి అడవికి పోయి పూలు ఏరి, తర్వాత పనికి వచ్చేవాళ్ళు. తొమ్మిదింటికే సగం రోజు పనిచేసిన అలసట. వాళ్ళు తాగి వస్తున్నారని మా ఇంజనీర్లు అనుకునేవాళ్ళు. జీలుగు కల్లు తాగేవాళ్ళు లేరని కాదు, కాని పరంజా మీద తూలినవాడిలో చాలాసార్లు నేను చూసింది నిద్రలేమి, లేకపోతే చలిజ్వరం. ఆ అడవుల మలేరియా ఫాల్సిపారం రకం, మెదడుకెక్కితే మనిషి దక్కడు. పైకి ఎక్కేవాళ్ళను ముందు జ్వరం ఉందా అని అడగడం, అక్కడికక్కడే రక్తపరీక్ష, క్యాంపు గుడిసెలకు దోమతెరలు, ఇవి భద్రతా కార్యక్రమంలోకి వస్తాయని నా డిప్లొమా పుస్తకంలో లేదు. ఆ సీజనులో ఎత్తు పనులు పదింటి తర్వాత ఇచ్చేవాళ్ళం కాదు. బూట్ల సంగతి మరీ వింత. చిన్నప్పటి నుంచి చెప్పుల్లేకుండా నడిచిన పాదాలు వెడల్పుగా ఉంటాయి, మా కొలతల్లో పట్టవు, బొబ్బలెక్కి విప్పి చంకలో పెట్టుకునేవాళ్ళు. వాళ్ళను జరిమానా వేసింది నేనే, మొదటి రెండేళ్ళు. తర్వాత వెడల్పు బూట్లు తెప్పించాం. హెల్మెట్లలో ఇప్పపూలు ఏరుకుని వచ్చేవాళ్ళు, దానికి మాత్రం నేనేమీ అనలేదు.

బంద్ పిలుపు ఉన్న రోజున రోడ్లు మూసుకుపోతే అంబులెన్సు జగదల్‌పూర్ చేరదు. అందుకని బంద్ రోజుల్లో ఎత్తు పని, ట్రెంచి పని, క్రేను పని ఉండకూడదని రాసుకున్నాం. ఆస్పత్రి ఎంత దూరమో అన్నదాన్ని బట్టి కూడా ఆ రోజు ఏ పని చేయాలో నిర్ణయించాలి. సరిహద్దు పోస్టుల్లో ఉన్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

మా పక్క జిల్లాల్లో, మన విశాఖలో కూడా పెద్దవి జరిగాయి. 2009 సెప్టెంబర్‌లో కోర్బాలో కడుతున్న పొగగొట్టం కూలి 40 మందికి పైగా చనిపోయారు. 2014 జూన్‌లో భిలాయ్ ఉక్కు కర్మాగారంలో నీటి పంపుల దగ్గర లోపం వచ్చి బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసు వెనక్కి తన్ని ఆరుగురు పోయారు, అందులో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ర్యాంకు చూడదు. 2020లో విశాఖలో మే 7న స్టైరీన్ ఆవిరి, ఆగస్టు 1న షిప్‌యార్డు క్రేను. ఆ క్రేను పరీక్ష చేస్తుండగానే కూలి 11 మంది పోయారు. నేవీ సోదరులు కొందరికి అది బాగా దగ్గరి సంగతి కనుక నేను ఎక్కువ మాట్లాడను.

చట్టం సంగతి ఒక ముక్క. పాత చట్టాలన్నీ కలిపి 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. నిర్మాణ పనుల్లో 250 మంది, గనుల్లో 100 మంది కార్మికులు ఉంటే సేఫ్టీ ఆఫీసరు తప్పనిసరి. అంటే మనవాళ్ళకు ఉద్యోగాలు పెరుగుతాయి, సంతోషం. చేరే ముందు మాత్రం యజమానిని ఒక ప్రశ్న అడగండి: నేను పని ఆపిస్తే ఆ గంటల కూలి ఎవరిస్తారు? దానికి ఆయన చెప్పే జవాబును బట్టి మీరు అక్కడ చేయబోయేది భద్రత పనా, రిజిస్టరు పనా అన్నది తెలిసిపోతుంది.

మా దగ్గర ఆ తర్వాత ప్రమాదాలే జరగలేదని చెబితే అది అబద్ధం. 2013లో ఒక వెల్డరుకు కన్ను పోయింది. కాని అది దాచలేదు, ఎలా జరిగిందో మర్నాడు ప్రతి ముఠాలో వాడి తోటివాళ్ళే చెప్పారు.

నేను 2016లో వచ్చేశాను. వచ్చే ముందు రెండేళ్ళ కిందట ఆ సుక్మా కుర్రాడి తమ్ముడు పనికి వచ్చాడు. నేను వద్దన్నాను, ఇంకెక్కడైనా చూపిస్తానన్నాను. వాడు వినలేదు. అయితే గుంటలో కాదని, అంచు మీద నిలబడి కాపలా చూసే పని ఇచ్చాం. పగులు, నీటి ఊట, లోపల ఎంతమంది ఉన్నారు అన్నది చూసి లెక్క పెట్టే పని. ఎనిమిదో తరగతి చదివాడు, హిందీ అక్షరాలు వంకర టింకరగా రాసేవాడు. నేను దిగిపోయే రోజున నోటుబుక్కు కొత్తాయనకు అప్పగించాలి కదా, ఆఖరి పేజీ జిరాక్సు తీయించి తెచ్చుకున్నాను. ఇదిగో, ఇదే. తేదీ ఉంది, కింద వాడి సంతకం ఉంది. "మూడో నంబరు గుంట. నిచ్చెన కింది నుంచి రెండో మెట్టు విరిగింది. లోపల ఉన్న నలుగుర్నీ పైకి పిలిచాను. పని ఆపాను." పక్కన మేటు తెలుగులో రాశాడు, "కొత్త నిచ్చెన వచ్చింది, మధ్యాహ్నం 2.10."

ఆ నోటుబుక్కు ఎలా గీతలు కొట్టుకోవాలో కావలసినవాళ్ళు టీ దగ్గర నన్ను కలవండి, రాసిస్తాను. జైహింద్.